రాక్షసుడి తల్లితో పేచీ

బుకిట్ బటోక్, సింగపూర్
6 జూలై 2025

సుభద్ర పిన్నికి,

నమస్కారం. నెల రోజులుగా ఫోను చేస్తుంటే ఎత్తవు. నిన్నటికి నిన్న "మాట్లాడే తీరిక లేదు, ఉత్తరం రాసి బసవయ్య ఫోనుకి పంపు" అని మెసేజీ పెట్టావు. కాకినాడంతటికీ పేరున్న హరికథ భాగవతారిణివి, మాట్లాడటానికి తీరిక లేకపోవడమేమిటి? నీ పక్కన మృదంగం వాయిస్తూ ముసలివాడైన బసవయ్య మావయ్యని అడిగితే, "రాయమ్మా, చేతిరాత చూస్తే అదో తృప్తి" అని మాట దాటేశాడు. సరే, ఇదిగో, కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. కొట్టివేతలు లెక్కపెట్టకు.

నీతో పెద్ద పనిబడింది. ఇక్కడ మాకు కథలు చెప్పుకునే బృందం ఒకటుందని చెప్పాను కదా. ఆగస్టు 23న టోవా పాయో కమ్యూనిటీ క్లబ్బులో మా కార్యక్రమం. ఎవరూ తమ దేశం కథ చెప్పకూడదని, వేరేవాళ్లది చెప్పాలని షరతు. చీటీలు తీస్తే నాకు వెయ్యేళ్ల పైనాటి ఇంగ్లిషు వీరగాథ వచ్చింది. ఒక రాజు గొప్ప సభామందిరం కట్టిస్తాడు. అందులో రోజూ విందు, వాద్యం, పాట. ఊరి బయట బురదలో ఉండే రాక్షసుడు ఆ పాట వినలేక వచ్చి మనుషుల్ని తినేస్తుంటాడు. సముద్రం దాటి వచ్చిన వీరుడొకడు కత్తి పట్టకుండా వాడితో కుస్తీ పట్టి, చెయ్యి భుజం దాకా ఊడబెరుకుతాడు. దీన్ని హరికథగా చెప్పాలని నా ఆశ. నువ్వు నేర్పిన విద్య బ్యాంకు కంప్యూటర్ల మధ్య తుప్పు పట్టింది కానీ పోలేదు. పాటలు నువ్వు కట్టి, పాడి పంపితే నేర్చుకుంటాను.

ఇంట్లో అంతా బాగున్నాం. చైతన్య గురకకి కీర్తిక ఇక్కడి ఇంగ్లిషు యాసలో "డాడీ మాన్‌స్టర్ లా!" అని దిండు పట్టుకుని నాయనమ్మ గదిలోకి మారిపోయింది. రాక్షసుణ్ణి ఎలాగో సముదాయించుకున్నాను కానీ, రాక్షసుడి తల్లితోనే నా ప్రాణం పోతోంది. ఎంత చేసినా లొంగదు. ఆవిడ వచ్చేసరికి నా నోట మాట పడిపోతుంది. చివరికి చంపక తప్పదు, కానీ చంపబుద్ధి కావడం లేదు. ఏం చెయ్యమంటావో రాయి.

నీ
మహతి

*

కాకినాడ
11 జూలై

చిరంజీవి మహతిని దగ్గరకు తీసుకుని, ఆ తరవాత చెవి మెలిపెట్టి రాస్తున్నది,

నీ ఉత్తరంలో చివరి నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివాను. మొగుడు గురక పెడితే రాక్షసుడంటావు, సరే, సరదా. మరి అత్తగారిని పట్టుకుని ఆ మాటలేమిటే? లలితకుమారి వదినగారు మాట ఎక్కువ మనిషే, కాదనను. నీ పెళ్లిలో మంత్రాల మధ్య పురోహితుణ్ణి "మీదే ఊరండీ" అని అడిగి, ఆయన చెప్పేదాకా వదల్లేదు. అయినా మనసులో ఏదీ దాచుకోదు. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చి, ఆ ఎత్తు మేడ మీది ఫ్లాటులో పలకరించే గుమ్మం లేక, ఆ మాటలన్నీ నీమీద కుమ్మరిస్తోందేమో. ఓర్చుకో. మీ అమ్మ పోయాక నిన్ను పెంచినదాన్ని నేను. "పెంచిన పిన్ని ఇదే నేర్పింది" అనిపించకు.

ఇక నీ కథ. పాట వినలేక చంపడానికి వచ్చాడా వాడు! ఊళ్లో పాట వినపడుతుంటే, వెలుపల చీకట్లో కూచున్నవాడికి ఎంత మండుతుందో. ఆ ముక్క పట్టుకో. కథకి ప్రాణం అక్కడుంది.

పాడి పంపడం సంగతి తరవాత చూద్దాం.

ఆశీస్సులతో
పిన్ని

*

బుకిట్ బటోక్
14 జూలై

పిన్నీ పిన్నీ పిన్నీ,

కొంప ముంచావు! ఆ రాక్షసుడి తల్లి మా అత్తయ్య కాదు, కథలో మనిషి! కొడుకు చెయ్యి తెగి చచ్చిపోయాడని, మర్నాడు వాడి తల్లి నీళ్లలోంచి లేచి పగ తీర్చుకోవడానికి వస్తుంది. వీరుడు నీళ్లలోకి దూకి, అడుగున దొరికిన పాత కత్తితో ఆవిణ్ణి చంపుతాడు. ఆ ఘట్టం ఎలా చెప్పాలో తెలియక నీకు రాశాను. రాసేటప్పుడు అదెలా వినిపిస్తుందో ఆలోచించలేదు.

బసవయ్య మావయ్య పంపిన ఫొటోలు ఇంట్లో అందరూ వాడే ట్యాబులోకి కూడా వస్తాయి. నేను ఆఫీసు నుంచి వచ్చేలోపే అత్తయ్య నీ ఉత్తరం చదివేసింది. రెండు రోజులు ఇంట్లో మాటే లేదు. ఆవిడ మాట్లాడకపోతే ఈ ఫ్లాటు ఎంత పెద్దదో నాకు మొదటిసారి తెలిసింది. "అన్నం పెట్టాను" అని గోడకి చెప్పి వెళ్లిపోయేది. చివరికి కూర్చోబెట్టి కథంతా మొదటినుంచీ చెప్పాను. సాంతం విని, "అయితే నేను కాదన్నమాట" అంది. "కాదత్తయ్యా" అన్నాను. "మరి ఆ తల్లి తప్పేముందే?" అంది! కీర్తిక కూడా, "మాన్‌స్టర్‌కి కూడా మమ్మీ ఉంటుంది వాట్, సో శాడ్" అని వాళ్ల నాయనమ్మ ఒళ్లోకి ఎక్కింది. ఇప్పుడు ఇంట్లో వాళ్లిద్దరూ రాక్షసుల పక్షమే.

నీకొక తమాషా చెప్పనా. ఆ పాత ఇంగ్లిషు పద్యంలో ప్రతి పాదం మధ్య చిన్న విరుపు ఉంటుంది. విరుపుకి ఇటూ అటూ మాటలు ఒకే ధ్వనితో మొదలై కలుసుకోవాలి. అంత్యప్రాస అక్కర్లేదు. ఒంటిని ఎముకల ఇల్లు అంటారు, ఓడని సముద్రపు గుర్రం అంటారు. పాడేవాడు సభలో నిలబడి తంత్రీవాద్యం మీటుతూ చెబుతాడట.

పాటలు త్వరగా పంపు. నీ గొంతు విని చాలా రోజులైంది.

మహతి

*

కాకినాడ
22 జూలై

మహతీ,

ముందు వదినగారికి నా క్షమాపణ చెప్పు. సిగ్గుతో రాయలేకపోతున్నాను.

ఇక నువ్వు చెప్పిన తమాషా. ఓసి పిచ్చిదానా, అది యతి కాక మరేమిటే! పాదంలో ఆగే చోటు, ఆ చోట అక్షరాల స్నేహం. ఎక్కడో చలిదేశంలో వాళ్లకీ ఆ సంగతి తెలుసన్నమాట. యతి తెలిసినవాళ్లు మనకి పరాయివాళ్లెలా అవుతారు? ఇక నువ్వు జంకకు. ప్రార్థనతో మొదలుపెట్టి, చిరతలు పట్టుకుని, వాళ్ల కథ మన నడకలో చెప్పేయ్. గోవిందా కొట్టించు. చైనావాళ్లయినా కొడతారు. తెలుగు రాని మహారాష్ట్ర మిలిటరీవాళ్ల చేత నేను కొట్టించలేదూ?

రాక్షసుడి తల్లి దగ్గర ఒక పిట్టకథ పెట్టు. వీరుడు నీళ్లలోకి దూకుతాడనే ముందు కథ ఆపేసి, ఏ బిడ్డనో పోగొట్టుకున్న తల్లి కథ ఏదైనా, నీ కళ్లతో చూసినది, నాలుగు మాటల్లో చెప్పు. తరవాత దూకించు. అప్పుడు చంపినా జనం ఆవిణ్ణి తిట్టరు, వీరుణ్ణీ తిట్టరు. మా గురువుగారు ఒకే మాట అనేవారు: "శత్రువుకి కూడా మంచి రాగం ఇవ్వాలి." నీ రాక్షసుడి తల్లికి శహన ఇయ్యి.

మూడు పాటలు కట్టి ఇందులో రాశాను. రాగం, తాళం పక్కనే వేశాను. పాడి పంపడం నావల్ల కాదు. మళ్లీ మళ్లీ అడగకు. నా గొంతుతో పనిలేకుండా నేర్చుకో.

పిన్ని

*

బుకిట్ బటోక్
27 జూలై

పిన్నికి,

పాటలు అందాయి. బాగున్నాయి. కానీ రాగం పేరు చూసి పాడేంత విద్వాంసురాలిని కానని నీకు తెలుసు. నా చిన్నప్పుడు ఒక్కొక్క చరణం పదిసార్లు పాడి వినిపించి, విసుక్కోకుండా నేర్పిన మనిషివి. ఇప్పుడు "అడగకు" అంటున్నావు.

నాకు తోచింది రాస్తాను, తప్పయితే కొట్టు. దేవుడి కథ చెప్పాల్సిన హరికథలో నేను ఎవరిదో రాక్షసుల కథ దూర్చడం నీకు ఇష్టం లేదు. యతి అనీ శహన అనీ నన్ను నొప్పించకుండా సర్దుతున్నావు. పన్నెండేళ్ల కిందట కచేరీలు మానేసి ఉద్యోగమని ఇక్కడికి వచ్చేశానని కూడా నీ మనసులో ఉంది. ఉంటే ఉంది, చెప్పెయ్యి. ఫోను ఎత్తకుండా, గొంతు వినిపించకుండా శిక్ష వెయ్యకు.

కథలో చివరి భాగం రాశాను. వీరుడు ముసలి రాజవుతాడు. నిప్పులు కక్కే పాము ఊళ్లు తగలబెడుతుంటే, "ఇది నా పని, మీరు రావద్దు" అని ఒక్కడే గుహ దగ్గరికి వెళతాడు. వెంట వచ్చినవాళ్లు భయపడి అడవిలోకి పారిపోతారు. ఒక్క చుట్టం కుర్రాడు మాత్రం, "నీ ఉప్పు తిన్నాను" అని పొగలోకి వెళ్లి పక్కన నిలబడతాడు. ఇద్దరూ కలిసి పాముని చంపుతారు, రాజు కూడా పోతాడు. ఈ ఘట్టానికి పాట లేదు. నీకు ఇష్టమైతే కట్టు.

మహతి

*

కాకినాడ
2 ఆగస్టు

మహతీ,

శిక్ష కాదమ్మా. నీమీద నాకు కోపమేమిటి?

ముసలి రాజు ఘట్టానికి పాట వద్దు, వచనంలో చెప్పు. ఆయన ఒక్కడే వెళ్లడం గర్వం కాదు. వెంట వచ్చినవాళ్లకి వేడి తగులుతుందని. అది తెలిసేలా చెబితే చాలు. మంగళం మాత్రం నిలబడి పాడు.

కొన్నాళ్లు ఉత్తరాలు రాకపోతే కంగారు పడకు.

పిన్ని

*

బుకిట్ బటోక్
4 ఆగస్టు

పిన్నీ,

నీ చిన్న ఉత్తరం చూసి నేను ఇంకా అలిగాను. అత్తయ్య మాత్రం నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్లీ మొదటినుంచీ చదివింది. చదివి, కళ్లజోడు తీసి, ఇలా అంది:

"ఏమే, కోపం వచ్చిన మనిషి కూర్చుని మూడు పాటలు కడుతుందా? ఈవిడ అన్నిటికీ జవాబు రాస్తోంది. గొంతు మాట వచ్చేసరికే తప్పుకుంటోంది. ఫోను ఎత్తకపోవడం కోపం కాదు. మాట్లాడలేక. వెళ్లి అడుగు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెంటనే భయం వేసింది. బసవయ్య మావయ్యకి ఫోను చేస్తే, "మీ పిన్ని ఒట్టు వేయించుకుంది తల్లీ" అని ఏడ్చేశాడు. ఇంకేమీ చెప్పలేదు.

నీ గొంతుకి ఏమైంది? నాకు నిజం రాయి. రాయకపోతే ఎల్లుండి విమానం ఎక్కుతాను.

మహతి

*

కాకినాడ
5 ఆగస్టు

తల్లీ,

రాస్తున్నాను. చదివేటప్పుడు కూర్చో.

మే నెలలో ద్రాక్షారం కచేరీలో పై షడ్జం అందుకుంటుంటే గొంతు తెగినట్టు ఆగిపోయింది. బొంగురనుకుని మిరియాల కషాయాలు తాగాను. తగ్గలేదు. డాక్టరు గొట్టం వేసి చూసి, స్వరపేటిక మీద కండ పెరిగిందన్నాడు. మాట్లాడొద్దన్నాడు, గుసగుసలు కూడా కూడదన్నాడు. ఈ నెల 14న ఆ కండ తీసి పరీక్షకి పంపుతారు. మంచిదో చెడ్డదో అది వస్తేగానీ తెలియదు.

నీకెందుకు చెప్పలేదంటే, ఇదే ఆసుపత్రి వరండాలో మీ అమ్మ పరీక్ష కాగితం కోసం నువ్వు కూర్చోవడం నేను చూశాను. నీకప్పుడు పదిహేనేళ్లు. మళ్లీ నిన్ను ఆ బెంచీ మీద కూర్చోబెట్టడం నాకు చేతకాలేదు. అంతేగానీ నీ కథ మీద నాకు ఏ రోషమూ లేదు. నోరు కట్టేసుకుని కూర్చున్న ఈ రెండు నెలలూ ఆ రాక్షసులే నాకు కాలక్షేపం. పాటలు కడుతుంటే పగలు గడిచిపోయేది.

నువ్వు రావద్దు. కథ ఆపొద్దు. ఇది నీ పిన్ని మాట కాదు, గురువు మాట.

సుభద్ర

*

బుకిట్ బటోక్
8 ఆగస్టు

పిన్నీ,

ఉత్తరం చదివి విమానం టిక్కెట్టు కొనేశాను. కార్యక్రమం మానుకుంటున్నానని బృందానికి చెప్పడానికి ఫోను చేతిలోకి తీసుకున్నాను. అత్తయ్య ఫోను లాక్కుంది.

"నువ్వు వెళితే ఏం చేస్తావు? మంచం పక్కన కూర్చుని ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే ఆవిడ ఊరుకుంటుందా? ఓదార్చడానికి నోరు తెరుస్తుంది. డాక్టరు వద్దన్నది అదే కదా! నేను వెళతాను. నాతో ఎవరూ మాట్లాడక్కర్లేదు. ఇద్దరి మాటలూ నేనే మాట్లాడతాను."

చైతన్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. నా టిక్కెట్టు రద్దు చేసి ఆవిడకి కొన్నాను.

రేపు ఇక్కడ జాతీయ దినోత్సవం. బ్లాకుల కారిడార్లన్నీ జెండాలతో ఎర్రగా ఉన్నాయి. ఎల్లుండి పొద్దున ఆవిడ విశాఖలో దిగి రైల్లో కాకినాడ వస్తుంది. మోకాళ్లకి మందు, మెత్తటి తువ్వాళ్లు, నీకోసం ఇక్కడి తెల్ల పలక, చెరిపే కలాలు సర్దుకుంది. ఆవిడ మాటలకి నువ్వు అలిసిపోతే పలక మీద "చాలు" అని రాయి. ఏమీ అనుకోదు, చదవదు కూడా.

గురువు మాట వింటున్నాను. కథ చెబుతాను. కానీ ఏ కబురైనా, ఎలాంటిదైనా, నాకు ఆ రోజే తెలియాలి.

మహతి

*

కాకినాడ
19 ఆగస్టు

మహతీ,

కండ తీసేశారు. నొప్పి పెద్దగా లేదు. పరీక్ష కాగితం శనివారం రావచ్చన్నారు. పది రోజులు పెదవి కదపకూడదు.

మీ అత్తగారి సంగతి రాయాలి. దిగిన గంటలో బసవయ్యకి ఆరోగ్యం మీద పాఠం చెప్పింది. ఆసుపత్రిలో నర్సులందరి ఇంటి పేర్లూ కనుక్కుంది. పక్క మంచం ఆవిడ కూతురికి సంబంధం చూస్తోంది. నీ కథంతా ఆ వార్డులో రోజూ మధ్యాహ్నం చెబుతోంది. అందులో వీరుడు ఎక్కడికో పోయాడు. రాక్షసుడి తల్లి ఏం తింటుంది, ఏ నీళ్లలో ఉంటుంది, కొడుకు చిన్నప్పుడు ఎంత బొద్దుగా ఉండేవాడు, అంతా ఆవిడే కల్పించింది. నీళ్ల అడుగున పాత కత్తితో ఆవిణ్ణి చంపే చోట మాత్రం ఆగి, "ఇక పడుకోండి" అంటుంది. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

నిన్న మందు మత్తులో కళ్లు మూసుకుని ఉంటే, నిద్రపోయాననుకుని నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అప్పుడు మాత్రం ఒక్క మాట లేదు. వాళ్లాయన పోయినప్పుడు పక్కన ఇలా కూర్చునే మనిషి లేకపోయింది కాబోలు. నేను కళ్లు తెరవలేదు.

శనివారం నీ కథ కూడా. ఆ రోజు ఫోను సంచిలో పెట్టేసి కథ మీద మనసు పెట్టు.

పిన్ని

*

బుకిట్ బటోక్
24 ఆగస్టు

పిన్నీ!

ఫోను సంచిలో పెట్టలేదు. పెట్టగలనా?

నిన్న మధ్యాహ్నం చీర కట్టుకుని, చిరతల సంచి భుజాన వేసుకుని ట్రైను ఎక్కాను. జూరాంగ్ ఈస్ట్‌లో మారుతుంటే అత్తయ్య ఫోను. ఆవిడేమో, "పొద్దున్నే బయల్దేరామే, ఆటోవాడు పెద్ద రోడ్డు వదిలి సందుల్లో తిప్పాడు, క్యాంటీనులో ఇడ్లీ రాయిలా ఉంది..." అంటోంది. "అత్తయ్యా, కాగితం!" అని అరిచాను. ప్లాట్‌ఫారం మీద జనమంతా తిరిగి చూశారు. "అదే చెబుతున్నాగా, డాక్టరు ఆలస్యంగా వచ్చాడు..." "అత్తయ్యా!" "అబ్బ, ఏమీ లేదే! మామూలు కండేనంట! చెడ్డది కాదంట!"

నేను అక్కడే స్తంభానికి ఆనుకుని ఏడ్చేశాను. ఒక చైనా ఆంటీ తన టిష్యూ ప్యాకెట్టు నా చేతిలో పెట్టి, "ఏమీ కాదు, ఏమీ కాదు" అన్నట్టు వీపు నిమిరింది. మంచి కబురుకి ఏడుస్తున్నానని ఆవిడకి ఎలా చెప్పను? రెండు రైళ్లు వదిలేశాను.

కథ బాగా జరిగింది. సగం ఇంగ్లిషు, సగం తెలుగు. పాట మొదలుపెట్టగానే రాక్షసుడికి మంట పుట్టే చోట ముందు వరసలో పిల్లలు కాళ్లు పైకి లాక్కున్నారు. గోవిందా కొట్టమంటే మొదట కీర్తిక ఒక్కతే కొట్టింది. రెండోసారికి వెనక వరసలో తాతలు కూడా అందుకున్నారు. పిట్టకథ దగ్గర ఏం చెప్పానో తెలుసా? మా అమ్మమ్మ కథ. అమ్మ పోయినప్పుడు ఆసుపత్రి వరండాలో డాక్టరుని పట్టుకుని కొట్టిన అమ్మమ్మ. అందరూ పిచ్చిదన్నారు. నువ్వొక్కతివే వెళ్లి పట్టుకున్నావు. అది చెప్పి శహన అందుకున్నాను. తాళం ఒకచోట తప్పింది. ఎవరికీ తెలియలేదు, నీకు తెలిసేది.

వాళ్ల కథలో ముసలి రాజు పోతాడు. అది మార్చలేదు, ఉన్నదున్నట్టే చెప్పాను. మంగళం మాత్రం నవ్వుతూ పాడాను. ఎందుకో అక్కడ ఎవరికీ తెలియదు.

మహతి

*

కాకినాడ
26 ఆగస్టు

నా మహతికి,

శహనలో తాళం తప్పడం నాకు తెలిసేది. అయినా ఏమీ అనేదాన్ని కాదు. మా అమ్మని సభలో నిలబెట్టావు. చాలు.

నిన్న డాక్టరు గొట్టం వేసి చూసి, "పుండు మానిందమ్మా, ఒక వాక్యం మెల్లగా మాట్లాడండి" అన్నాడు. పై స్థాయి మునుపటిలా అందకపోవచ్చని ముందే చెప్పాడు. కింది స్థాయిలో కథ చెప్పుకోవచ్చు, ఆరు నెలల తరవాత. అది చాలు నాకు. బసవయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మీ అత్తగారు పొద్దుటినుంచీ ఆపకుండా మాట్లాడుతున్న మనిషి, ఒక్కసారిగా నోరు మూసుకుని నా కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఏ నామం తలుచుకుంటానో, ఏ కీర్తన ఎత్తుకుంటానో అని అందరూ నా మొహంలోకి చూస్తున్నారు.

నాకు ఏమీ తోచలేదు. పది రోజులుగా మనసులో ఉన్న మాట ఒకటే ఉంది. పలక మీద రాస్తే ఫిర్యాదులా ఉంటుందని రాయలేదు.

"వదినగారూ, కాఫీలో పంచదార ఎక్కువవుతోందండీ" అన్నాను.

గొంతు బొంగురుగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది. కానీ వచ్చింది. బసవయ్య మొహం తిప్పుకున్నాడు. మీ అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. నర్సు పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, ఆవిడ ఏడుస్తూనే, "పంచదార ఎక్కువైందంటమ్మా" అంది.

ఇవాళ కాఫీలో పంచదార అసలు వెయ్యలేదు. చేదుగా ఉంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను.

సుభద్ర పిన్ని